అలివిపాళెంలో ఆఖరి సీను

పోయిన వారం మనం వెన్నెలను కాలవ వంతెన మీద వదిలేశాం. స్కూటీ వెనక సీటు మీద ఫరీన్ ఉంది. ఫరీన్ చేతిలో ఫోను, ఫోనులో ఆమె తండ్రి మౌలా పాత ఫొటో, ఫొటో కింద ఎర్రటి అక్షరాలు: "ఈ ఉగ్రవాది విడవలూరు తీరంలో తిరుగుతున్నాడు. కనిపిస్తే వదలొద్దు."

ఆ ముఖం ఆ రాతల మీదికి ఎలా ఎక్కిందో ఈ వారమే చదవడం మొదలుపెట్టినవారికి రెండు ముక్కల్లో చెప్పాలి. వెన్నెలకు పాత సినిమాల పిచ్చి. ఇంట్లోవాళ్లు ఉద్యోగం చూసుకోమంటే ఆమె కావలిలో ఓ గది అద్దెకు తీసుకుని 'పాత బొమ్మ' అని యూట్యూబ్ చానల్ పెట్టింది. జనం మరిచిపోయిన సినిమాలను తవ్వితీసి సమీక్షలు చెబుతుంది. ఎడిటింగ్ ఫరీన్ చేస్తుంది. ఈమధ్య ఇద్దరూ 'ఒడ్డు దాటిన శత్రువు' అనే పాత పోలీసు సినిమాను ఎత్తుకున్నారు. ఒక ఉగ్రవాది సముద్రం మీదుగా వచ్చి దిగుతాడు. ఒక డీఎస్పీ ఫొటో చేతబట్టుకుని ఊరూరా గాలిస్తాడు. ఆ ఫొటోలో ఉన్నది నటుడు కాదు, మీసం కూడా సరిగా రాని మౌలా. నటుడి ఫొటో మద్రాసు నుంచి టైముకు రాలేదని, షూటింగులో దూదిపనికి వచ్చిన మౌలాను పడవ పక్కన నిలబెట్టి ఫొటో తీశారట. "ఫొటోలో ఒకడు, పరిగెత్తేవాడు ఇంకొకడు. అయినా మన డీఎస్పీ గారు చూడగానే పట్టేస్తారు. మహానుభావుడు!" అని వెన్నెల సమీక్షలో వెక్కిరించింది కూడా.

అంతటితో ఆగి ఉంటే బాగుండేది. చూసేవాడు ఆఖరిదాకా కూర్చోవాలంటే ప్రశ్న ముందు పెట్టాలి, జవాబు చివర పెట్టాలి. సమీక్షలు చేసేవాళ్లందరికీ తెలిసిన కిటుకు ఇది. అందుకే వీడియో మొదట్లో మౌలా ఫొటో చూపించి, "ఈ టెర్రరిస్టు ఇప్పటికీ మన మధ్యే ఉన్నాడు. ఎవరో తెలుసా?" అంది వెన్నెల. చివర్లో ఫరీన్ వచ్చి, "మా నాయనే!" అని పకపకా నవ్వింది. ఎవరో పుణ్యాత్ముడు మొదటి ముక్క కోసి గ్రూపుల్లో వేశాడు. నవ్వు వదిలేశాడు.

ఇవాళ పొద్దున మౌలా మోపెడ్ మీద దూది మూటలు కట్టుకుని, దిండ్లూ పరుపులూ కుట్టడానికి తీరం ఊళ్లకు బయల్దేరాడు. ఫోను ఎత్తడం లేదు. అలివిపాళెంలో ఒకణ్ణి పట్టుకుని గదిలో వేశారని ఇప్పుడే మెసేజి వచ్చింది.

"నేనూ వొస్తా" అంది ఫరీన్.

"వొద్దు. నువ్వు ఈ వంతెన కాడే వుండు. పోలీసులు వొస్తే ఈ దోవనే రావాల. ఆపి చెప్పు."

"వెన్నెలా, ఒక మాట. మా నాయన ఆ ఊరికి పోడు. ఈ పక్క పాళేలకు పోతాడు, ఆ పక్క పాళేలకు పోతాడు. అలివిపాళెం మాత్రం నేను పుట్టినప్పట్నించీ పోలా. ఈ పొద్దు ఎందుకు పోయినాడు?"

వెన్నెల స్కూటీ తిప్పింది.

అలివిపాళెం వీధిలో ఆ మధ్యాహ్నం మనిషి అలికిడి లేదు. సముద్రం పోటు మీద ఉండటంతో పడవలన్నీ ఇసుక మీదే ఉన్నాయి. వేట లేని రోజు మగవాళ్లు వలలు బాగుచేసుకుంటూనో, పేకాడుకుంటూనో కనిపించాలి. ఒక ఇంటి ముందు ఆరబోసిన చేపలను కాకులు తన్నుకుపోతున్నా అదిలించే దిక్కు లేదు. అంతవరకూ వెన్నెలలో ఉన్నది కంగారు. భయం అక్కడ మొదలైంది.

ఊరంతా ఊరి చివర, తుపాను షెల్టర్ ముందు ఉంది. లావుపాటి స్తంభాల మీద కట్టిన పాత భవనం అది. తుపాను వస్తే ఊరు తలదాచుకుంటుంది, రాకపోతే వలలు తలదాచుకుంటాయి. దాని ముందు ఇసుకలో మౌలా మోపెడ్ పడి ఉంది. మూటలు చింపేశారు. దూది గాలికి ఎగిరి సరుగుడు కొమ్మలకు పట్టుకుంది. వెన్నెలను భయపెట్టింది అది కాదు. అంతమంది ఉన్నా ఎవరూ అరవడం లేదు. కొందరి చేతుల్లో తెడ్లున్నాయి. కొందరు వలలకు బరువు కట్టే రాళ్లు పట్టుకుని ఉన్నారు. సముద్రం ఒడ్డున వేరే రాళ్లు దొరకవు.

"ఎవురు నువ్వు?" అంటూ ఒక యువకుడు అడ్డం వచ్చాడు. పేరు పెంచల్. ఊరి వాట్సాప్ గ్రూపు అతనిదే, పట్టుకున్నదీ అతనేనట. ఆ గర్వం ముఖంలో కనిపిస్తూనే ఉంది.

"నా పేరు వెన్నెల. మీరు పట్టుకున్న మనిషి టెర్రరిస్టు కాదన్నా. కావలిలో పరుపులు కుట్టే మౌలా. నా స్నేహితురాలి నాయన. ఆ వీడియో..."

"ఆగాగు" అన్నాడు పెంచల్. ఫోను తీసి ముక్క నొక్కాడు. 'ఈ టెర్రరిస్టు ఇప్పటికీ మన మధ్యే ఉన్నాడు' అంది ఫోను, వెన్నెల గొంతుతో. పెంచల్ కళ్లు పెద్దవయ్యాయి. "ఈ గొంతు నీదే గదా?"

"నాదే. కానీ అది సగమే. మిగతాది చూడు. సినిమా గురించి తమాషాగా..."

"పొద్దున టెర్రరిస్టు అన్న్యావు. మజ్జాన్నం పరుపులోడు అంటా వుండావు. ఏది నమ్మాల?"

జనంలో గొణుగుడు లేచింది.  రోజూ వేలమందికి చెప్పి నమ్మించే గొంతు, ఇక్కడ ఎదురుగా నిలబడ్డ ఒక్కడిని నమ్మించలేకపోతోంది. పూర్తి వీడియో చూపిద్దామంటే నెట్ తిరుగుతూ తిరుగుతూ ఆగిపోయింది.

"మరి ఇదేంది?" పెంచల్ ఒక పొడుగాటి కర్రను ఎత్తి చూపించాడు. కర్ర ఈ చివర నుంచి ఆ చివరకు తీగ బిగించి ఉంది. "లాగితే ఝుమ్మంటా వుంది. మూటలో దాచిపెట్టుకోని వొచ్చినాడు."

"దూదేకే విల్లన్నా అది! మీ అవ్వని అడుగు, చెప్తాది."

"మా ఇంట్లో ఫోము పరుపు" అన్నాడు పెంచల్. మరో రోజైతే వెన్నెల నవ్వేది.

"పెంచలా, పక్కకు రా. పాపను కూర్చోనీ" అని నెమ్మదైన గొంతు వినిపించింది.

జనం చీలారు. ప్లాస్టిక్ కుర్చీలో తెల్ల బనీను, భుజం మీద తువాలుతో ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. గంగులయ్య. ఊరికి పెదకాపు. పడవలు ఎప్పుడు కదలాలో, ఏ తగువు ఎలా తెగాలో ఆ పాళెంలో ఆయనే చెబుతాడు. పోయిన నెలలో పోలీసులు తీరం ఊళ్లలో మీటింగులు పెట్టి, కొత్తమనుషులు కనిపిస్తే కబురు చెయ్యమని చెప్పి, ఆయనకు శాలువా కూడా కప్పి వెళ్లారు.

"భయపడబాక పాపా. దురాయి పెట్టినా" అన్నాడు గంగులయ్య. "పోలీసోళ్లు వొచ్చేదాకా పైన గదిలో పెట్టిన ఆ మనిషి మీద ఎవురూ చెయ్యి వెయ్యగూడదు. ఆ మనిషితో ఎవురూ మాట్లాడగూడదు. నేను చెప్పిందాకా ఇదే."

దురాయి అంటే ఆ పాళేల్లో పెద్దల ఆన. కోర్టు ఉత్తర్వు మీద స్టే తెచ్చుకోవచ్చు గానీ దురాయి మీద తెచ్చుకోలేరు. దాటినవాడి ఇంటికి ఎవరూ వెళ్లరు, వాడిని పడవ ఎక్కించుకోరు, చావుకీ పెళ్లికీ పిలవరు. ఆ మాట వినగానే వెన్నెలకు ఏడుపొచ్చినంత పనైంది. ఈ ఊళ్లో ఒక్కడైనా తెలివిగలవాడున్నాడు, దేవుడి దయ అనుకుంది. చెయ్యి వెయ్యొద్దన్నది సరే, మాట్లాడొద్దని ఎందుకన్నాడో ఆమె ఆలోచించలేదు.

విడవలూరు ఎస్సై కిషోర్ బాబుకు ఫోను కలిపి సంగతంతా చెప్పింది. రేపు శ్రీహరికోటలో రాకెట్ ప్రయోగం. ఆయన, ఆయన మనుషులూ అక్కడి డ్యూటీలో ఉన్నారు. స్పీకర్ పెట్టి గంగులయ్య చేతికిచ్చింది.

"పెదకాపు గారూ, ఆ అమ్మాయి చెప్పేది నిజమేననిపిస్తోంది" అన్నాడు ఎస్సై. "దూదేకులవాళ్లు తీరమంతా తిరుగుతారు కదా. మీ ఊళ్లో ఎవరైనా అతన్ని గుర్తుపడతారా? మీరు గుర్తుపడతారా? తెలుసు అని మీరొక్క మాట అనండి, ఇప్పుడే వదిలేయొచ్చు."

గంగులయ్య తలెత్తి షెల్టర్ పైఅంతస్తు వైపు చూశాడు. అక్కడ కిటికీ ఊచల వెనక తెల్లగడ్డం ఒకటి లీలగా కనిపిస్తోంది. జనం ఆయన నోటివైపు చూస్తున్నారు. వెన్నెల చేతులు జోడించింది. తాను జోడించినట్టు ఆమెకే తెలియలేదు.

"తెలీదు సార్" అన్నాడు గంగులయ్య. "ఎప్పుడూ చూడలా."

"ఒరే గంగులూ..." ఆడవాళ్ల గుంపులోంచి ఒక ముసలామె ముందుకొచ్చింది. గంగులయ్య అక్క, కామాక్షమ్మ. ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూస్తోంది. "ఆ మనిషి... ఆ పొద్దు మన ఊళ్లో సినిమా తీసినప్పుడు దూది..."

"అక్కా." గంగులయ్య గొంతు పెంచలేదు. "దురాయి ఊరికంతా. నీకు వేరే లేదు."

కామాక్షమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెనక్కు నడిచింది. ఆమె కళ్లలో నీళ్లు తిరగడం వెన్నెల చూసింది. పర్మిషన్ తీసుకుని తానే వస్తానని, అంతవరకూ ఎవరినీ తొందరపడనివ్వొద్దని చెప్పి ఎస్సై ఫోను పెట్టేశాడు.

 ఈ ఊళ్లో సినిమా తీశారని వెన్నెలకు తెలుసు. ఆఖరి సీను ఇక్కడిదే. డీఎస్పీ వచ్చేలోపే పల్లెజనం ఉగ్రవాదిని చుట్టుముట్టి రాళ్లతో కొట్టి చంపుతారు. అంటే ఈ పెద్దతరం అంతా ఆ షూటింగులో ఉన్నవాళ్లే. గంగులయ్య కూడా ఉండే ఉంటాడు. మరి ఎప్పుడూ చూడలేదంటాడేమిటి?

"ఆయనకు నీళ్లిస్తా" అంది గట్టిగా, అందరికీ వినపడేలా. "పొద్దుట్నించీ ఆ గదిలో ఉక్కపోతలో వుండాడు."

"దురాయి వుంది పాపా."

"మీ దురాయి ఊరోళ్లకు గదా పెదకాపు గారూ. నేను ఈ ఊరిదాన్ని కాదు."

జనంలో ఒకరిద్దరు తలూపారు. మాట మాటే. ఎంత కోపంలో ఉన్నా ఆ ఊరు కట్టుబాటును తూకం వేసి చూస్తుంది. గంగులయ్య నడుముకున్న తాళంచెవి తీయకుండా, "కిటికీలోంచి ఇయ్యి" అన్నాడు.

పైన వరండాలో వలలూ తాళ్లూ గుట్టలుగా పడి ఉన్నాయి. కిటికీ ఊచల వెనక మౌలా గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. చొక్కా చిరిగింది. నుదురు బొప్పి కట్టింది. ఆయన అడిగిన మొదటి మాట, "ఫరీన్ యాడుంది?"

"వంతెన కాడ వుంది మామా."

"ఈడికి రానీబాక." నీళ్లు ఒక్క గుక్కలో తాగేశాడు. సగం గడ్డం మీద పోయాయి. "అల్లా పంపించినట్టు వొచ్చినావు బిడ్డా. గంగులన్న నన్ను గుర్తుపట్టలేదన్న్యాడా?"

"ఎప్పుడూ చూడలేదన్నాడు."

మౌలా నవ్వినట్టే నవ్వి కళ్లు తుడుచుకున్నాడు. "సముద్రం కాడ రాళ్లు యాడుంటాయి బిడ్డా? అందుకే సినిమావోళ్లు నన్ను పిలిపించినారు. దూది గట్టిగా చుట్టి, పైన గుడ్డ కుట్టి, రంగేసి, బుట్టలకు బుట్టలు రాళ్లు చేసినా. ఊరోళ్లంతా నా బుట్టలోంచే తీసుకోని ఏసినారు. గంగులన్న అందరికంటే ముందు నిలబడినాడు. డైరెక్టరుకు నచ్చలా. దూది తగిలితే మనిషి ఎట్టా పడతాడయ్యా, తేలిపోతా వుందని అందరి ముందరా గంగులన్నను తిట్టినాడు. మళ్లా తీసినారు. ఆసారి గంగులన్న నా బుట్ట ముట్టుకోలా. పడవ కాడ వలరాయి తీసుకున్న్యాడు."

వెన్నెల ఊచలు పట్టుకుంది.

"నేను చూసినా. అరిచినా. ఆ గోలలో ఎవురికి ఇనపడతాది? కిందపడిన ఆయన హీరో గాదు, విలనూ గాదు. మద్రాసు నుంచి వొచ్చిన డూపు. జ్ఞానప్రకాశం అని పేరు. పొద్దున్నే నాతో కూర్చోని టీ తాగినాడు, కూతురు పుట్టిందని చెప్పినాడు. పడవ మీంచి జారి పడి సచ్చిపోయినాడని రాయించేసి, సాయంత్రానికి సామాన్లు కట్టేసుకోని పోయినారు. ఆయన పడిపోయిన ఆ బొమ్మ మాత్రం సినిమాలో పెట్టుకున్న్యారు."

వెన్నెలకు తన సమీక్ష తానే చెవిలో చెప్పినట్టు గుర్తొచ్చింది. 'సినిమా అంతా అట్టముక్క గానీ ఈ ఆఖరి సీను ఒక్కటి నిజం. ఈ జనం నటించడం లేదు. ఆ పడటం చూడండి, ఆ నెత్తురు చూడండి, రంగునీళ్లలా లేదు.' పారవశ్యంతో చెప్పింది. ఆ ముక్కను నిదానంగా రెండోసారి కూడా చూపించింది. 

"మరి ఇన్నాళ్లూ రానివాడివి ఈ పొద్దు ఎందుకు వొచ్చినావు మామా?"

"నీ వీడియో కింద ఒక ఆడబిడ్డ రాసింది. ఎలిశబెతు. కిందపడిన మనిషి మా నాన్న, ఆయన గురించి తెలిసినవాళ్లు ఎవరన్నా వుంటే చెప్పండి అని. ఫరీన్ నాకు చదివి వినిపించింది."

వెన్నెలకు ఆ కామెంటు తెలుసు. వందల్లో ఒకటిగా చదివి, దానికి ఒక గుండె బొమ్మ పెట్టి, కిందికి జరిగిపోయింది.

"ఫరీన్‌కు తెలీకుండా ఆ బిడ్డకు నేనే ఒకరి చేత ఫోను చేయించినా. రేపు వొస్తాది. ఆమె వొచ్చి నిలదీసే ముందు గంగులన్నే నోరు తెరిచి చెప్పుకుంటే మర్యాదగా వుంటాదని, ఆ మాట చెప్పిపోదామని వొచ్చినా. పొద్దున ఆయన ఇంటికాడ కూర్చోని చెప్పినా. అంతా విన్న్యాడు. కాఫీ ఇప్పించి, ఫోను పట్టుకోని లోపలికి పోయినాడు. నేను బయటికొచ్చి బండి ఎక్కే లోపల పెంచల్ మనుషులు చుట్టుకున్న్యారు."

వెన్నెల ఫోను తీసింది. సినిమా అందులోనే ఉంది, నెట్ అక్కర్లేదు. ఆఖరి సీను పెట్టి, జనం మీద ఆపి, వేళ్లతో పెద్దది చేసింది. ముందు వరసలో బక్కపలచటి యువకుడు. చెయ్యి పైకెత్తి ఉంది. ఆ వెనకే బుట్ట పట్టుకుని, నోరు తెరిచి అరుస్తున్న మౌలా. ఒకే బొమ్మలో ఇద్దరు. ఎప్పుడూ చూడలేదన్న గంగులయ్య, మౌలాకు రెండడుగుల దూరంలోనే నిలబడి ఉన్నాడు. ఇది ఆ జనానికి చూపిస్తే చాలు.

"బాగా కనపడతా వుందా పాపా?"

గంగులయ్య ఆమె వెనకే నిలబడి ఉన్నాడు. ఇసుక అంటిన కాళ్లకు చప్పుడు లేదు.

"నీ రివ్యూ నేనూ చూసినా. శానాసార్లు చూసినా" అన్నాడు. "ఈ జనం నటించడం లేదు అన్న్యావే, ఆ కాడికి వొచ్చి ఆపేస్తా. మళ్లా చూస్తా. ఆ పొద్దు నుంచి నాకు అన్నం సయించడం లేదు."

ఆయన కళ్ల కింద నల్లగా ఉంది. తువాలు కొనను వేలికి చుట్టుతూ విప్పుతూ ఉండటం వెన్నెల గమనించింది. ఈ మనిషి తనకంటే ఎక్కువ భయపడుతున్నాడు. ఆ సంగతి తెలిసి ఆమెకు ధైర్యం రాలేదు, ఉన్న ధైర్యం కూడా పోయింది. భయపడ్డవాడు ఏమైనా చేస్తాడు.

"పెదకాపు గారూ, మీ కాళ్లు పట్టుకుంటా. కిందికి పోయి ఒక్క మాట చెప్పండి. ఈయన దూదేకుల మౌలా, నాకు తెలుసు అనండి. అంతే. ఈ సీను ఎవరికీ చూపించను. వీడియో తీసేస్తా. చానలే మూసేస్తా."

"రేపు వొచ్చే ఎలిశబెతును ఏం చేస్తావు?" అని అడిగాడు గంగులయ్య. నిజంగా జవాబు కావాలన్నట్టే అడిగాడు. "ఆ బిడ్డకు చెప్పడానికి ఈ భూమ్మీద మౌలా ఒక్కడే వుండాడు. ఆయన నోరు ఎట్టా మూస్తావు?"

"గంగులన్నా" అన్నాడు మౌలా లోపలి నుంచి, "నిన్ను జైలుకు పంపించాలని రాలా నేను. కుర్రతనం, తెలీక చేసినావు. ఆ మాటే చెప్పు ఆ బిడ్డకు."

"నా నోటి మాటతో పడవలు కదలతాయి. నా నోటి మాటతో పెళ్లిళ్లు అవతాయి. నేను మనిషిని సంపినానని ఏ నోటితో చెప్పేది మౌలా?" మొదటిసారి ఆ పేరు ఆయన నోట వచ్చింది. "ఆ పొద్దు నేనొక్కడినే రాయి ఏసినా. అందుకే పాపం నా ఒక్కడిదైంది. ఈ పొద్దు అందరూ ఏస్తారు, ఎవురేసినారో ఎవురికీ తెలీదు. నేను చెయ్యి ఎత్తాల్సిన పని గూడా లేదు. దురాయి తీసేసినా అని కిందికి పోయి చెప్తే చాలు."

"తిలా పాపం తలా పిడికెడు అనుకుంటావా అన్నా? అందరికీ పంచినా నీ పిడికెడు నీకు తగ్గదు" అన్నాడు మౌలా.

వెన్నెల మెట్ల వైపు పరిగెత్తింది. రెండడుగులు వేసిందో లేదో వలతాడు కాలికి చుట్టుకుని బోర్లా పడింది. ఫోను చేతిలోంచి జారి గంగులయ్య కాళ్ల దగ్గర ఆగింది. ఆమె గొంతెత్తి అరిచింది. పోటు మీదున్న సముద్రం ఆ అరుపును మింగేసింది. ముసలివాడే గానీ వలలు లాగిన చేతులవి. ఆమెను రెక్క పట్టుకుని లేపి, తలుపు తీసి, మౌలా ఉన్న గదిలోకి నెట్టి, బయట తాళం వేశాడు. ఆ పని చేస్తున్నంతసేపూ ఆయన ఏడుస్తూనే ఉన్నాడు.

వెన్నెల తలుపు మీద అరచేతులతో బాదింది. మౌలా ఆమెను పట్టుకుని ఆపాడు. "గమ్మునుండు బిడ్డా. కిందోళ్లకు ఇనపడినా నేనేదో చేస్తా వుండాననుకుంటారు. ఇంకా తొందరగా వొస్తారు."

అప్పుడు వరండాలో ఆమె ఫోను మోగింది.

గంగులయ్య తువాలుతో ముఖం తుడుచుకుని, గొంతు సవరించుకుని, ఊళ్లో పెద్దవాళ్లందరి అలవాటు ప్రకారం స్పీకర్ పెట్టి ఎత్తాడు.

"వెన్నెలా, కిషోర్ బాబును. పర్మిషన్ దొరికిందమ్మా, జీపు తీస్తున్నాను. అతను ఎలా ఉన్నాడు?"

వెన్నెల ఊచల మధ్య నోరు పెట్టి, "సార్! సార్!" అని అరిచింది. గంగులయ్య అప్పటికే వరండా ఆ చివరకు, అలల హోరు వైపు నడిచాడు. ఆయన గొంతు మాత్రం గాలి ఇటు తోసుకొచ్చింది.

"నేను సార్, గంగులయ్యను. ఆ పాప ఫోను మరిచిపోయి ఎళ్లిపోయింది. మీరు శ్రమ పడబాకండి. గుర్తుపట్టినాం సార్. ఆయన మనోడే. దూదేకుల మౌలా, ఎప్పట్నించో నాకు తెలిసిన మనిషి. అన్నం పెట్టి, బండి ఎక్కించి పంపించేసినా."

"హమ్మయ్య. పెద్ద తలనొప్పి తప్పించారు పెదకాపు గారూ. ఊరికి మీలాంటి పెద్దమనిషి ఒకరుండాలి" అన్నాడు ఎస్సై.

ఫోను ఆగిపోయింది. గంగులయ్య దాన్ని బనీను లోపల పెట్టుకుని, గది వైపు చూడకుండా మెట్లు దిగాడు. ఆయన్ను చూసి, ఇసుకలో కూర్చున్న జనం లేచి నిలబడ్డారు.